అనుబంధ ప్రశ్న

లోక్‌సభ సమావేశాలు జరిగే రోజుల్లో ఉదయం పదకొండు గంటలకు ప్రశ్నోత్తరాల సమయం మొదలవుతుంది. అందులో రెండు రకాల ప్రశ్నలుంటాయని పత్రికలు చదివేవాళ్లకు తెలుసు. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి. గుర్తు లేని ప్రశ్నకు రాసిచ్చేస్తే సరిపోతుంది. పైకి ఇది మాటకూ రాతకూ ఉన్న తేడాలాగే కనిపిస్తుంది కానీ కీలకం ఇంకోచోట ఉంది. నోటి జవాబు విన్నాక సభ్యులు అనుబంధ ప్రశ్న వేయవచ్చు. మంత్రి చదివిన జవాబు అధికారులు తయారుచేసింది. అనుబంధ ప్రశ్నకు మాత్రం ఆయన తనకు తెలిసిందే చెప్పుకోవాలి. శాఖ మీద ఆయనకు ఎంత పట్టుందో, ఏది చెప్పకుండా దాటవేస్తున్నారో బయటపడేది అక్కడే. అమెరికా పాలనా విధానంలో ఈ సదుపాయం లేదు. అధ్యక్షుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, ఆయన చెప్పిన జవాబు మీద మరో ప్రశ్న వేసే హక్కును అక్కడి రాజ్యాంగం చట్టసభకు ఇవ్వలేదు. ఆ ఖాళీని చాలాకాలంగా పూడుస్తూ వచ్చింది పత్రికలవాళ్లు, రేడియో టీవీలవాళ్లు చేసే ఇంటర్వ్యూ. దానికి చట్టం ఇచ్చిన బలం లేదు, ఉన్నదల్లా ఆనవాయితీ బలం. ఆ ఆనవాయితీ మన కళ్లముందే సడలుతోందనీ, అమెరికా మాట మీద బతుకులు ఆధారపడిన తెలుగు కుటుంబాలు కూడా దాన్ని పట్టించుకోవాలనీ ఈ ప్రసంగంలో చెప్పదలిచాను.

ముందు ఆ ఖాళీ ఎలా ఏర్పడిందో చూద్దాం. ప్రభుత్వ పదవిలో ఉన్నవారు కాంగ్రెస్ సభ్యులుగా ఉండరాదని అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణంలోనే రాసుకున్నారు. పదవులు ఎరవేసి చట్టసభను లోబరుచుకునే బ్రిటిష్ రాజుల పద్ధతి రాజ్యాంగం రాసినవాళ్లకు బాగా గుర్తుంది. ఆ భయంలో న్యాయముంది. అయితే దాంతోపాటు ముఖాముఖి నిలదీసే వీలు కూడా పోయింది. 1789 ఆగస్టులో జార్జి వాషింగ్టన్ క్రీక్ ఆదివాసులతో చేసుకోబోయే ఒప్పందంపై సలహా అడగడానికి స్వయంగా సెనేట్‌కు వెళ్లారు. సభ్యులు అప్పటికప్పుడు తలూపలేదు, కాగితాలు పరిశీలించడానికి వ్యవధి కావాలన్నారు. ఆయనకు కోపం వచ్చింది. అలా సభలో కూర్చుని సలహా తీసుకునే పద్ధతి ఆ తర్వాత నిలబడనే లేదు. ఇవాళ అధ్యక్షుడు ఏడాదికోసారి ఉభయ సభల ముందు ప్రసంగించి వెళ్లిపోతారు, ఎవరూ ప్రశ్న వేయరు. ఇది లోటేనని అమెరికన్లకూ తెలుసు. మంత్రులు సభకు వచ్చి ప్రశ్నలకు జవాబు చెప్పే వేళ ఒకటి ఉండాలని 1943లో ఎస్టెస్ కెఫావర్ ప్రతినిధుల సభలో ప్రతిపాదించారు. అది నెగ్గలేదు. తాను గెలిస్తే బ్రిటన్ ప్రధానిలా చట్టసభ ముందు నిలబడి ప్రశ్నలు ఎదుర్కొంటానని 2008లో అధ్యక్ష అభ్యర్థి జాన్ మెకెయిన్ మాటిచ్చారు. ఆయన గెలవలేదు. 2010 జనవరిలో ఒబామా బాల్టిమోర్‌లో ప్రతిపక్ష రిపబ్లికన్ల సమావేశానికి వెళ్లి, కెమెరాల ఎదుట వాళ్ల ప్రశ్నలకు ఓపిగ్గా జవాబిచ్చారు. అది ఒక మంచి రోజుగా మిగిలిపోయింది కానీ ఆచారంగా మారలేదు.

విలేకరుల సమావేశాలు ఉన్నాయి కదా అనవచ్చు. 1913లో ఉడ్రో విల్సన్ వాటికి శ్రీకారం చుట్టారు, 1961లో జాన్ కెనెడీ వాటిని ప్రత్యక్ష ప్రసారంలోకి తెచ్చారు. మంచిదే. కానీ అక్కడ ఎత్తిన చేతుల్లో ఏ చేతిని పిలవాలో నిర్ణయించేది అధ్యక్షుడే. ఒకరు ధరల గురించి అడుగుతారు, జవాబు పక్కదారి పడుతుంది, తర్వాతి విలేకరి లేచి యుద్ధం గురించి అడుగుతారు. తప్పించుకున్న జవాబు తప్పించుకున్నట్టే ఉండిపోతుంది. అనుబంధ ప్రశ్న బతకాలంటే అడిగే మనిషి ఒకరే ఉండాలి, పట్టుకున్న విషయాన్ని వదలకూడదు, తగినంత సమయం ఉండాలి. ఈ మూడూ కుదిరేది ఇంటర్వ్యూలోనే. కుదిరినప్పుడు ఏమవుతుందో చెప్పడానికి 1977 నాటి ఒక ఉదాహరణను కొంచెం వివరంగా చూడాలి.

ప్రతిపక్ష కార్యాలయంలోకి చొరబడిన దొంగల వ్యవహారాన్ని కప్పిపుచ్చిన వాటర్‌గేట్ కుంభకోణంలో చిక్కుకున్న అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ 1974 ఆగస్టు 9న రాజీనామా చేశారు. నెల తిరగ్గానే, సెప్టెంబరు 8న, కొత్త అధ్యక్షుడు ఫోర్డ్ ఆయనకు క్షమాభిక్ష పెట్టారు. దాంతో కోర్టు బోనులో ఆయన్ను ప్రశ్నించే దారి మూసుకుపోయింది. అనుచరులు జైళ్లకు వెళ్లారు, ఆయన మాత్రం కాలిఫోర్నియా ఇంట్లో జ్ఞాపకాలు రాసుకుంటున్నారు. అప్పుడు ముందుకొచ్చిన మనిషి డేవిడ్ ఫ్రాస్ట్ అనే బ్రిటిష్ టీవీ వ్యాఖ్యాత. హాస్య కార్యక్రమాలతోనూ, ప్రముఖులతో కబుర్లతోనూ పేరు తెచ్చుకున్నాడే గాని రాజకీయాల్లో గట్టివాడని ఎవరూ అనుకోలేదు. నిక్సన్‌కు 6 లక్షల డాలర్లూ, లాభంలో వాటా ఇస్తానని ఒప్పుకున్నాడు. పెద్ద నెట్‌వర్కులు తీసుకోకపోతే తానే డబ్బు కూడగట్టి విడివిడిగా టీవీ స్టేషన్లకు కార్యక్రమాన్ని అమ్ముకున్నాడు. సముద్రం ఒడ్డున ఒక ఇంటిని అద్దెకు తీసుకుని, మార్చి, ఏప్రిల్ నెలల్లో 12 విడతలుగా 28 గంటలకు పైగా రికార్డు చేశారు. మొదటి విడతల్లో నిక్సన్‌దే పైచేయి. ఒక్క ప్రశ్నకు ఎంతోసేపు చెప్పుకుపోయేవారు. విదేశాంగ విధానం, పాత జ్ఞాపకాలు, కుటుంబ విశేషాలు ఏకరువు పెడుతూ గంటలు గడిపేశారు. వాటర్‌గేట్ విడత వచ్చేసరికి పరిస్థితి తిరగబడింది. తిరగబెట్టింది ఫ్రాస్ట్ గొంతు కాదు, ఆయన చేతిలో ఉన్న కాగితాలు. జేమ్స్ రెస్టన్ జూనియర్ అనే యువ రచయిత నెలల తరబడి కోర్టు పత్రాలు తిరగేసి, నిక్సన్ తన సలహాదారు ఛార్లెస్ కోల్సన్‌తో మాట్లాడిన, అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని సంభాషణల రాతప్రతులు వెతికి తెచ్చాడు. అవి ఫ్రాస్ట్ దగ్గర ఉన్నాయని నిక్సన్‌కు తెలియదు. దొంగల నోరు మూయించడానికి డబ్బు ఇవ్వడం గురించి 1973 మార్చి 21న నిక్సన్ అన్న మాటలను ఫ్రాస్ట్ ఒకదాని వెంట ఒకటిగా ఆయనకే చదివి వినిపించాడు. తన మాటలే తన ముందుకు వచ్చి నిలబడితే జవాబులు తడబడ్డాయి.

ఆ తర్వాత జరిగింది ఇంకా గమనించదగినది. పొరపాట్లు చేశానని నిక్సన్ ఒప్పుకున్నారు. అంతటితో తృప్తిపడే విలేకరి అయితే అక్కడే ఆగేవాడు. ఫ్రాస్ట్ ఆగలేదు. ఆ మాట చాలదన్నాడు. ఇంకేం చెప్పాలో మీరే చెప్పండని నిక్సన్ ఎదురడిగినప్పుడు, చేతిలోని నోట్స్ పలకను పక్కన పడేసి, జనం ఆయన నోట వినగోరుతున్న మూడు సంగతులు చెప్పాడు. జరిగింది పొరపాటు కన్నా పెద్దదని, అధికారాన్ని దుర్వినియోగం చేశానని, రెండేళ్లపాటు దేశాన్ని అనవసరమైన వేదనకు గురిచేశానని ఒప్పుకోవాలన్నాడు. చివరికి అమెరికా ప్రజల నమ్మకాన్ని వమ్ము చేశానన్న మాట నిక్సన్ నోట వచ్చింది. 1977 మే 4న తొలి భాగంగా ప్రసారమైన ఈ వాటర్‌గేట్ విడతను సుమారు నాలుగున్నర కోట్ల మంది చూశారు. మరో భాగంలో, అసమ్మతివాదుల ఇళ్లలో చొరబాట్లు, ఉత్తరాలు విప్పి చూడడం వంటి పనులకు 1970లో వేసిన పథకం గురించి అడిగినప్పుడు, అధ్యక్షుడు చేస్తే అది చట్టవిరుద్ధం కాదన్నట్టేనని నిక్సన్ అన్నారు. ఫ్రాస్ట్ వాదించలేదు. నిర్వచనం ప్రకారమే అన్నమాట, అని రెండు ముక్కలు కలిపాడు. సరిగ్గా అంతేనని నిక్సన్ ఒప్పుకున్నారు. మాట జారడం ఒకటి, అది సిద్ధాంతమేనని ధ్రువీకరించడం మరొకటి. మొదటిదాన్ని రెండోదిగా తేల్చింది ఆ చిన్న అనుబంధ ప్రశ్నే. అధికారంలో ఉండగా చేసిన పనులకు అధ్యక్షుణ్ణి శిక్షించవచ్చా అన్న వివాదం 47 ఏళ్ల తర్వాత, ట్రంప్ కేసులో, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అధికార హోదాలో చేసిన పనులకు చాలావరకు రక్షణ ఉంటుందని 2024 జులై 1న ఆరుగురు న్యాయమూర్తులు తీర్పునిచ్చారు, ముగ్గురు విభేదించారు. ఆనాటి నిక్సన్ మాటను ఆ రోజు అమెరికాలో ఎంతోమంది మళ్లీ గుర్తుచేసుకున్నారు. రికార్డులో ఉంది కాబట్టే గుర్తుచేసుకోగలిగారు.

డబ్బిచ్చి చేసిన ఇంటర్వ్యూను ఆదర్శంగా చూపడమేమిటని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. మాజీ పాలకుడికి లక్షల డాలర్లు ఇచ్చి మాట్లాడించడం మంచి ఆచారం కాదు, అప్పుడూ విమర్శలు వచ్చాయి. అయితే ఆ డబ్బుతో నిక్సన్‌కు ప్రశ్నలను ముందే చూసే హక్కు గాని, కార్యక్రమాన్ని కత్తిరించే హక్కు గాని రాలేదు. ఇంటర్వ్యూను తూచవలసిన తూనిక ఇదే. ప్రశ్నలు ఎవరి చేతిలో ఉన్నాయి, కత్తెర ఎవరి చేతిలో ఉంది? ఈ రెండూ అడిగేవాళ్ల చేతిలో ఉన్నంతకాలం మిగతా లోపాలను భరించవచ్చు.

దీనికన్నా బలమైన అభ్యంతరం మరొకటి ఉంది. ప్రజలు ఎన్నుకోని టీవీ మనిషికి, ప్రజలు ఎన్నుకున్న నాయకుణ్ణి ఇరకాటంలో పెట్టే అధికారం ఎక్కడిది? ఒక్క తడబాటుతో ఒక జీవితకాలపు సేవను కొట్టిపారేయడం న్యాయమా? దీనికి అందరూ చూపే ఉదాహరణ సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీది. 1979 నవంబరు 4న సీబీఎస్‌లో రోజర్ మడ్ చేసిన ఇంటర్వ్యూ ప్రసారమైంది. త్వరలో అధ్యక్ష పదవికి పోటీని ప్రకటించబోతున్న కెనెడీని మడ్ అడిగిన ప్రశ్న చిన్నపిల్లలు కూడా అడగగలిగినది. అధ్యక్షుడు ఎందుకు కావాలనుకుంటున్నారు? కెనెడీ ఆగారు. దేశానికున్న సహజ సంపద గురించి, చదువుకున్న జనాభా గురించి పొంతన లేకుండా చెప్పుకుపోయారు. ఆయన పార్టీ అభ్యర్థిత్వం అప్పటి అధ్యక్షుడు కార్టర్‌కే దక్కింది. అదొక్కటే ఓటమికి కారణం కాదు. ఇంటర్వ్యూ ప్రసారమైన రోజే టెహ్రాన్‌లో అమెరికా రాయబార కార్యాలయాన్ని ఆక్రమించి సిబ్బందిని బందీలుగా పట్టుకున్నారు. ఆ సంక్షోభంలో జనం మొదట్లో కార్టర్ వెనుక నిలబడ్డారు. పైగా కెనెడీ ఆ తర్వాత మరో ముప్ఫై ఏళ్లు సెనేట్‌లో పనిచేసి గొప్ప శాసనకర్తల్లో ఒకరిగా పేరు తెచ్చుకున్నారు. కాబట్టి ఇంటర్వ్యూ మనిషి మొత్తాన్ని కొలవలేదు, ఇది నేనూ ఒప్పుకుంటాను. కానీ మడ్ అడిగినదాంట్లో వల లేదు, గారడీ లేదు. దేశాన్ని అడగబోతున్న పదవి ఎందుకో చెప్పమన్నాడు. ఆ హక్కు ప్రతి ఓటరుకూ ఉంది. వేదిక మీదున్న నాయకుడి దగ్గరికి ఓటరు వెళ్లలేడు కనుక విలేకరి ఆ ప్రశ్నను మోసుకెళ్లాడు. విలేకరి అధికారం అంతవరకే, అంతకు మించి ఉండకూడదు కూడా.

ఇటీవలి కాలంలో ఇంకో ఉదాహరణ చాలు. 2017 మే 9న ఎఫ్‌బీఐ డైరెక్టర్ జేమ్స్ కోమీని ట్రంప్ తొలగించారు. న్యాయశాఖ అధికారుల సిఫారసు మేరకే అని వైట్‌హౌస్ చెప్పింది. రెండు రోజుల తర్వాత ఎన్‌బీసీలో లెస్టర్ హోల్ట్ ఆ సిఫారసు గురించి తరచి అడిగితే, అది ఉన్నా లేకున్నా తొలగించేవాణ్ణేనని, ఆ నిర్ణయం తీసుకునేటప్పుడు ఎఫ్‌బీఐ దర్యాప్తు చేస్తున్న, ఎన్నికల్లో రష్యా జోక్యం వ్యవహారం తన మనసులో ఉందని అధ్యక్షుడే చెప్పారు. మే 17న ఆ వ్యవహారంపై రాబర్ట్ ముల్లర్‌ను ప్రత్యేక విచారణాధికారిగా నియమించారు. ఆయన నివేదిక చివరికి ట్రంప్‌పై నేరం మోపలేదు, ఆ సంగతి కూడా చెప్పుకోవాలి. అయినా అధికారిక ప్రకటన ఒకటి, అసలు కారణం మరొకటి అని దేశానికి తెలిసింది కూర్చుని అడిగిన ప్రశ్నల వల్లే.

మరి ఇప్పుడు మారిందేమిటి? అడిగేవారిని ఎంచుకునే అవకాశం నాయకుల చేతికి పూర్తిగా వచ్చేసింది. 2024 ఎన్నికల ముందు ట్రంప్ సీబీఎస్ వారి '60 మినిట్స్' ఇంటర్వ్యూకు నిరాకరించి, అక్టోబరు 25న విడుదలైన జో రోగన్ పాడ్‌కాస్ట్‌లో సుమారు మూడు గంటలు మాట్లాడారు. దీన్ని సమర్థించేవాళ్ల వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. టీవీవాళ్లు పది నిమిషాల ముక్కకు కుదిస్తారు, మూడు గంటలైతే మనిషి నటించలేడు, అసలు రూపం తెలుస్తుంది అంటారు. స్వభావం తెలుస్తుందన్నది నిజం. కానీ సమయం ఒక్కటే చాలదని నిక్సన్ తొలి విడతలే రుజువు చేశాయి, అక్కడా గంటల సమయం ఉంది. కోర్టు కాగితాలు చదివినవాళ్లు గదిలోకి వచ్చాకే ఆ సమయానికి విలువ వచ్చింది. తీరుబడి సంభాషణకు కూడా ఒక గొప్ప అమెరికన్ సంప్రదాయం ఉంది, దాన్ని గుర్తుచేసుకోవాలి. షికాగోలో డబ్ల్యూఎఫ్ఎంటీ అనే రేడియో కేంద్రంలో స్టడ్స్ టెర్కెల్ 1952 నుంచి 1997 దాకా, 45 ఏళ్లు ఇంటర్వ్యూలు చేశాడు. జేమ్స్ బాల్డ్విన్ వచ్చినా, మార్టిన్ లూథర్ కింగ్‌తో మాట్లాడినా, ఊరూపేరూ లేని కార్మికుడి దగ్గరికి టేపురికార్డరు పట్టుకెళ్లినా ఒకటే శ్రద్ధ. రచయిత వస్తున్నాడంటే ఆయన పుస్తకాన్ని గీతలు గీసుకుంటూ, అంచుల్లో రాసుకుంటూ చదివి కూర్చునేవాడు. ఉక్కు కార్మికుడు, హోటల్లో వడ్డించే ఆవిడ, సమాధులు తవ్వే మనిషి చెప్పిన మాటలతో 1974లో వచ్చిన ఆయన 'వర్కింగ్' పుస్తకం అమెరికా జనజీవనానికి పెద్ద పత్రం. గద్దించకుండా, ఇరుకున పెట్టకుండా ఆయన ఇంత రాబట్టాడంటే విన్న మాటలోంచే తర్వాతి ప్రశ్న పుట్టించుకోవడం వల్ల. మెత్తగా అడిగినా అనుబంధ ప్రశ్న అనుబంధ ప్రశ్నే. ఈనాటి పాడ్‌కాస్ట్‌లలో చాలావాటిలో నాకు కనిపించని గుణం ఇదే. నవ్వుతూ తలూపుతుంటారు, మాట ముందుకు సాగిపోతుంది, తప్పు తప్పుగానే జనంలోకి వెళ్లిపోతుంది.

మార్పు ఒక్క వైపు నుంచే రాలేదు. పాత సంస్థలు కూడా తమ బలాన్ని తామే పోగొట్టుకుంటున్నాయి. 2024 మార్చిలో ఏబీసీ వ్యాఖ్యాత జార్జి స్టెఫనోపౌలస్ ఒక ఇంటర్వ్యూలో, సివిల్ కేసులో ట్రంప్‌పై జ్యూరీ తేల్చినదాన్ని తప్పుగా చెప్పారు. జ్యూరీ లైంగిక దాడికి బాధ్యుడని తేల్చింది, ఆయన అత్యాచారమన్నారు. పరువు నష్టం దావాలో ఆ సంస్థ డిసెంబరులో కోటిన్నర డాలర్లకు రాజీపడింది. ప్రశ్న వేసేవారు తీర్పు కాగితాన్ని ఉన్నదున్నట్టు చెప్పవలసింది, అక్కడ తప్పు అడిగినవారిదే. రెండో కేసు వేరు. ఎన్నికల్లో తన ప్రత్యర్థి కమలా హారిస్‌తో '60 మినిట్స్' చేసిన ఇంటర్వ్యూలో ఒకే జవాబులోని రెండు భాగాలు రెండు కార్యక్రమాల్లో వచ్చాయని ట్రంప్ దావా వేశారు. జవాబును నిడివికి తగ్గట్టు కుదించడం ప్రతి న్యూస్‌రూమ్‌లో రోజూ జరిగే పని. అయినా సీబీఎస్ యజమాని పారామౌంట్ 2025 జులైలో కోటీ అరవై లక్షల డాలర్లకు రాజీపడింది. ఆ సమయంలో సంస్థ చేతులు మారడానికి ప్రభుత్వ కమిషన్ అనుమతి కోసం ఎదురుచూస్తోంది. జులై ముగిసేలోగా అనుమతి వచ్చింది. రెంటికీ సంబంధం లేదని సంస్థ చెప్పుకుంది. కార్యక్రమ ప్రధాన నిర్మాత మాత్రం స్వతంత్రంగా నిర్ణయాలు తీసుకునే వీలు లేకుండా పోయిందంటూ ఏప్రిల్లోనే రాజీనామా చేసి వెళ్లిపోయాడు. కత్తెర ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్నకు కోర్టు జవాబు చెప్పకముందే డబ్బు జవాబు చెప్పింది. ఇది నాకు ప్రమాదకరంగా తోస్తుంది. రేపు ఒక విలేకరి రెండో ప్రశ్న వేయబోయే ముందు తమ యజమాని వ్యాపారం గుర్తుకొస్తే, ఆ ప్రశ్న గొంతు దాటదు.

ఇదంతా మనకెందుకు అని ఎవరికైనా అనిపిస్తే 2025 సెప్టెంబరును గుర్తుచేస్తాను. 19వ తేదీన హెచ్-1బీ వీసాపై లక్ష డాలర్ల రుసుము ప్రకటన వచ్చింది. అది ఏటా కట్టాలని వాణిజ్య మంత్రి లుట్నిక్ విలేకరులతో అన్నారు. ఇప్పటికే వీసా ఉండి సెలవు మీద దేశం బయట ఉన్నవాళ్ల సంగతేమిటో తేలలేదు. కంపెనీలు తమ ఉద్యోగులను వెంటనే తిరిగి రమ్మన్నాయి, ప్రయాణాలు తలకిందులయ్యాయి, ఇక్కడ తల్లిదండ్రులు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. అది ఒక్కసారి కట్టేదేనని, కొత్త దరఖాస్తులకే వర్తిస్తుందని వైట్‌హౌస్ వివరణ ఇచ్చింది మర్నాడు. ప్రకటన వెలువడిన గదిలోనే ఎవరైనా ఆ మంత్రిని పట్టుకుని, ఎవరికి, ఎప్పటినుంచి, ఎన్నిసార్లు అని తేల్చేదాకా అడిగి ఉంటే వేల కుటుంబాలకు ఆ రాత్రి నిద్ర దక్కేది. నవంబరులో ఫాక్స్ న్యూస్‌లో లారా ఇంగ్రహామ్ ఇదే వీసాల మీద ట్రంప్‌ను ప్రశ్నించారు. ఆమె ఆయన సమర్థకురాలే. అయినా అమెరికాలో ప్రతిభకు కొదవలేదు కదా అని ఎదురుచెప్పారు. కొన్ని నైపుణ్యాలు అక్కడివాళ్లకు లేవని అధ్యక్షుడు బదులిచ్చారు. ఆ జవాబు ముక్క మన ఫోన్లలో తెలుగు వ్యాఖ్యానంతో తిరిగింది. చాలామంది సంతోషించారు. కానీ ఆ మాటతో లక్ష డాలర్ల రుసుము రద్దు కాలేదు. అలాంటప్పుడు రుసుము ఎందుకు ఉంచారని అడిగితే గాని ఆ సంతోషానికి ఆధారముందో లేదో తెలియదు.

శ్రోతలకు నా విన్నపం ఒక్కటే. అమెరికా నాయకుల మాట ముప్ఫై సెకన్ల ముక్కగా మీ చేతికి వచ్చినప్పుడు దాన్ని పిల్లల చదువు గురించో, ఉద్యోగం గురించో, ఇంటి అప్పు గురించో తీసుకునే నిర్ణయానికి ఆధారం చేసుకోకండి. పూర్తి ఇంటర్వ్యూ వెతకండి. ఆ జవాబుకు ముందు ఏమడిగారో, జవాబు తర్వాత మళ్లీ ఏమడిగారో వినండి. మళ్లీ ఏమీ అడగలేదని తేలితే, ఆ విషయం ఇంకా తేలలేదనే లెక్క.